మూడు పేర్ల గెడ్డ

దుప్పటి కాళ్ళ దాకా లాక్కున్నావా, కన్నా? సరే అయితే, విను.

అనగనగా ఒక పట్నం. ఊరు కాదు, పట్నమే. ఒక పక్కన కొండ, ఇంకో పక్కన సముద్రం, ఆ రెండింటి మధ్యా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇళ్ళు. ఆ ఇళ్ళ వెనకాల నుంచి ఒక గెడ్డ పారుతూ ఉండేది. గెడ్డ అంటే తెలుసుగా? కొండ మీద పడ్డ నీళ్ళన్నీ పోగై కిందికి దిగి వస్తాయి చూడు, దాన్ని మన వైపు గెడ్డ అంటాం.

ఆ గెడ్డ కొండ దగ్గర మొదలై, ఇళ్ళ వెనక్కి వచ్చి, బస్సులు తిరిగే రోడ్డు కింద వంతెనలోంచి దూరి, సముద్రంలోకి పోయేది. రోజూ వేలమంది ఆ వంతెన మీంచి వెళ్ళేవాళ్ళు. కిందికి వంగి చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఆ పట్నంలో కాలువల ఆఫీసు అని ఒకటుండేది. అందులోకి నాగవేణి అని ఒక అమ్మాయి కొత్తగా ఉద్యోగానికి వచ్చింది. ఆ పిల్లది చాలా దూరం. వానలు సరిగ్గా పడని సీమ. వాళ్ళ ఊళ్ళో నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి, బిందెల్లో ఉండేవి. పారే నీళ్ళు చూడడం ఆమెకి అలవాటే లేదు. అయినా కొలతలు బాగా తీస్తుందని ఉద్యోగం ఇచ్చారు. ఏడాది పని చూసి పక్కా చేస్తామన్నారు.

ఆ ఆఫీసులో పెద్దాయన జగన్నాథరాజు గారు. మంచి మనిషే. కోపం తక్కువ, ఓపిక ఎక్కువ. కానీ కాగితం మీద ఏముంటే అదే ఆయనకి నిజం. ఆయన నాగవేణిని పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. దాని నిండా గడులు. పొడవుకో గడి, వెడల్పుకో గడి, లోతుకో గడి. చివర్న "రకం" అని ఇంకో గడి.

"రకాలు మూడేనమ్మా," అన్నారు రాజుగారు. "వాగు, పంటకాలువ, మురుగుకాలువ. ఏదో ఒక్కటి రాయి. రెండు రాస్తే గడిలో పట్టదు."

నాగవేణి తలూపింది. ఇంత సులువైన ఉద్యోగమా అనుకుంది.

అప్పుడు జ్యేష్ఠమాసం. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నాగవేణి బస్సు దిగి వంతెన దగ్గరికి వచ్చింది. వంతెన పక్కనే ఒక టీ బడ్డీ ఉంది. దాన్ని నడిపే ఆమె పేరు బీబమ్మ. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళుగా అక్కడే టీ కాస్తోంది.

"ఈడ కాలువ ఉందంట, యాడుంది అవ్వా?" అని అడిగింది నాగవేణి.

బీబమ్మ చేతిలో గరిటెతో కిందికి చూపించింది.

నాగవేణి వంగి చూసి ముక్కు మూసుకుంది. అడుగున సన్నగా, జడపాయంత, నల్లటి నీళ్ళు. అవి పారుతున్నాయో ఆగిపోయాయో తెలీదు. ప్లాస్టిక్ కవర్లు, ఒంటి చెప్పు, కాలు విరిగిన కుర్చీ. ఒక పంది బురదలో పడుకుని హాయిగా నిద్రపోతోంది.

అప్పుడు నాగవేణి కిందికి దిగింది. టేపు పరిచి పొడవు కొలిచింది. వెడల్పు కొలిచింది. కర్ర ముంచి లోతు చూసింది. జానెడు. ఆ తర్వాత "రకం" అన్న గడిలో "మురుగుకాలువ" అని గుండ్రంగా, అందంగా రాసింది. గంటలో పని అయిపోయింది. బీబమ్మ దగ్గర టీ కూడా తాగకుండా బస్సెక్కేసింది.

ఆ కాగితం రాజుగారి దగ్గరికి వెళ్ళింది. అక్కడి నుంచి పై వాళ్ళకి వెళ్ళింది. పై వాళ్ళు చూసి ఏమన్నారో తెలుసా? "మురుగుకాలువే కదా, పైన మూత వేసేద్దాం. మూత మీద రోడ్డు వేద్దాం. నీళ్ళు పోవడానికి కింద సిమెంటు తూములు పెడదాం. జానెడు నీళ్ళకి మూరెడు తూము చాలు," అన్నారు. ఉగాది వెళ్ళాక పని మొదలుపెట్టాలని రాసేశారు.

రెండు నెలలు గడిచాయి. తూములు ఎక్కడెక్కడ పెట్టాలో గుర్తులు వేసుకు రమ్మని రాజుగారు నాగవేణిని మళ్ళీ పంపించారు.

అప్పుడు శ్రావణమాసం. మూడు రోజులుగా ముసురు. నాగవేణి గొడుగు పట్టుకుని అదే స్టాపులో దిగింది. దిగీ దిగగానే చెవులు హోరెత్తిపోయాయి. వంతెన కింద ఎర్రటి నీళ్ళు, నువ్వు తాగే రాగి జావ ఉంటుంది చూడు, అంత చిక్కగా ఉరుకుతున్నాయి. కొండ మీది ఎర్రమట్టంతా వాటిలోనే ఉంది. పంది లేదు. కుర్చీ లేదు. అసలు అడుగే లేదు. టీ బడ్డీ కూడా ఉన్నచోట లేదు.

నాగవేణి కంగారుపడింది. తప్పు స్టాపులో దిగానేమో అనుకుంది. వెనక వచ్చే బస్సెక్కింది. తర్వాతి స్టాపులో దిగింది. అక్కడ వంతెనే లేదు. మళ్ళీ వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. వస్తే ఎక్కడికి వచ్చింది? అదే వంతెనకి, ఇంకో పక్క నుంచి.

అప్పుడు రోడ్డుకి పై వైపు ఎవరో గరిటెతో పిలుస్తున్నారు. చూస్తే బీబమ్మ.

"నీ బడ్డీ ఇక్కడికెట్లా వచ్చింది అవ్వా?" అంది నాగవేణి.

"శ్రావణంలో పైకి జరుగుతా బేటీ. ఏటా జరుగుతా. లేపోతే నా పొయ్యి సముద్రానికి పోద్ది," అంది బీబమ్మ.

"అంటే ఇది ఆ కాలువేనా?"

"అదే."

నాగవేణికి ఏమీ అర్థం కాలేదు. గట్టు మీద నిలబడి అలా చూస్తూ ఉండిపోయింది. అప్పుడు గడ్డిలోంచి ఒక కప్ప బయటికి వచ్చింది. ఒళ్ళంతా పసుపు రాసుకున్నట్టు పచ్చగా ఉంది. గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు. అవి ఉబ్బించి బెకబెక అంది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే గట్టంతా పచ్చటి కప్పలే. నాగవేణి పుట్టి పెరిగాక అలాంటివి చూడలేదు. భయపడాలో నవ్వాలో తెలీలేదు. కాసేపు అదీ కాసేపు ఇదీ చేసింది.

నువ్వు నవ్వుతున్నావు కానీ, నువ్వైతే ఎగిరి నా చంకెక్కేదానివి.

ఆ తర్వాత ఆమె లోతు చూద్దామని కర్ర నీళ్ళల్లో పెట్టింది. పెట్టడమే ఆలస్యం, నీళ్ళు కర్రని లాక్కుపోయాయి.

అక్కడే గట్టు పక్కన ఒక ఇల్లుంది. ఆ ఇంటాయన సన్యాసయ్య. గెడ్డ ఒడ్డున తోటకూర, గోంగూర పండించి అమ్ముకుంటాడు. ఇటుకల మీద మంచం ఎత్తుకుని, దాని మీద కూర్చుని అంతా చూస్తున్నాడు.

"కర్రొదిలేసావేటి పాపా," అన్నాడు. "దాంతో లోతు తెలీదు గాని, ఇలా రా."

నాగవేణి వెళ్ళింది. ఆయన ఇంటి గోడ చూపించాడు. గోడ మీద ఎర్రటి చార. సరిగ్గా నాగవేణి నడుం దాకా ఉంది.

"నీళ్ళు ఇంట్లోకి వస్తాయా తాతా?"

"పెద్దోన పడితే వొస్తాది. రెండ్రోజులుండి ఎల్తాది. ఎల్లినప్పుడు ఒండ్రు వొదిలేసి ఎల్తాది. ఆ ఒండ్రులోనే నా తోటకూర." సన్యాసయ్య అంత మామూలుగా చెప్పాడు, ఎవరో చుట్టం వచ్చి వెళ్ళినట్టు.

నాగవేణి తడిసి ముద్దై ఆఫీసుకి వెళ్ళింది. "సార్, అది జానెడు లేదు. నా నడుం దాకా వస్తుంది," అంది.

రాజుగారు కాగితం తీసి చూశారు. "వానకి మురుగు పొంగదా అమ్మా? ఇక్కడ జానెడు అని ఉంది. మురుగుకాలువ అని ఉంది. ఇది నీ రాతే కదా?"

నాదే అంది నాగవేణి. తన రాతే, గుండ్రంగా, అందంగా ఉంది.

ఆ తర్వాత భాద్రపదం వెళ్ళింది, ఆశ్వయుజం వెళ్ళింది. కార్తీకం వచ్చింది. మూత ఎంతవరకు వేయాలో సున్నంతో గీతలు గీసి రమ్మని రాజుగారు మళ్ళీ నాగవేణినే పంపించారు. ఇది మూడోసారి.

పొద్దున్నే వెళ్ళింది. చేతిలో సున్నం డబ్బా. ఈసారి స్టాపు పేరు రెండుసార్లు చదువుకుని మరీ దిగింది. వంతెన మీంచి కిందికి చూసింది. చూసి, డబ్బా కింద పెట్టేసింది.

నీళ్ళు తేటగా ఉన్నాయి. ఎంత తేటగా అంటే, అడుగున రాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. రెండు గట్ల మీదా రెల్లు తెల్లగా పూసి, గాలి వచ్చినప్పుడల్లా అటూ ఇటూ ఒరుగుతోంది. ఎర్ర తూనీగలు నీళ్ళని తాకీ తాకనట్టు తిరుగుతున్నాయి. ఒక నీలం పిట్ట, పొడుగాటి ముక్కుది, లకుముకి పిట్ట అంటారు దాన్ని, తీగ మీంచి రాయిలా నీళ్ళల్లో పడి, చేపని పట్టుకుని మళ్ళీ తీగెక్కి కూర్చుంది.

నాగవేణి మెల్లిగా కిందికి దిగింది. చెప్పులు విప్పింది. నీళ్ళల్లో కాళ్ళు పెట్టింది. చల్లగా జిల్లుమంది. వేలెడంత చేపలు వచ్చి కాళ్ళు పొడిచాయి, చక్కిలిగిలి పెట్టినట్టు. ఆ పిల్ల ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలీదు. కాళ్ళు పైకి తీసి చూసుకుంటే వేళ్ళు ముడతలు పడ్డాయి.

ఇక గీతలు ఎక్కడ గీస్తుంది? తెచ్చిన సున్నం తెచ్చినట్టే తీసుకుపోయింది.

దారిలో ఆమెకి ఒక అనుమానం వచ్చింది. ఒకే చోటు మూడుసార్లు చూస్తే మూడు రకాలుగా కనబడుతోంది, నా కళ్ళల్లోనే ఏదో తేడా ఉంది అనుకుంది. తిన్నగా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు గోడ మీద అక్షరాలు చదివించాడు. పెద్దవి చదివింది, చిన్నవి చదివింది, మరీ చీమల్లా ఉన్నవి కూడా చదివేసింది.

"కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. ఏం కనబడట్లేదు నీకు?" అన్నాడు డాక్టరు.

"అన్నీ కనబడతాన్నాయి సార్. అదే ఇబ్బంది," అంది నాగవేణి.

డాక్టరుకి అర్థం కాలేదు. చుక్కల మందు రాసిచ్చి పంపేశాడు.

మర్నాడు సెలవు. నాగవేణి మళ్ళీ వెళ్ళింది. కళ్ళని అడిగితే తేలలేదు కదా, అక్కడుండే మనుషుల్నే అడుగుదాం అనుకుంది.

ముందు కొండ కిందికి వెళ్ళింది. అక్కడ గౌరమ్మ అని ఒకామె బండ మీద బట్టలు ఉతుకుతోంది. దసరా నుంచి శివరాత్రి దాకా ఆమె ఉతుకుడంతా అక్కడే, మిగతా రోజులు వీధి పంపు దగ్గర.

"ఇది ఏంటిది అక్కా? వాగా, పంటకాలువా, మురుగుకాలువా?"

"వాగే," అంది గౌరమ్మ. "కొండ మీంచి వొచ్చినది వాగు కాకపోతే మరేటి? మా అత్త కొండగెడ్డ అనేది, మా అత్తకి అత్తా అదే అనేది."

నాగవేణి రాసుకుంది. తర్వాత సన్యాసయ్య దగ్గరికి వచ్చింది. ఆయన తోటకూర మడికి నీళ్ళు పెడుతున్నాడు.

"పంటకాలువమ్మా," అన్నాడు సన్యాసయ్య. "ఈ ఇళ్ళన్నీ ఒకప్పుడు వరిమళ్ళు. మా అయ్య ఈ నీళ్ళతోటే పండించేవోడు. ఇప్పటికీ నాను దీని మీదే బతుకుతన్నాను."

అదీ రాసుకుంది. చివరికి బీబమ్మ దగ్గరికి వచ్చింది.

"మురుగే బేటీ," అంది బీబమ్మ. "జ్యేష్ఠంలో నా దగ్గరికొచ్చినోళ్ళు సగం టీ వదిలేసి ముక్కు మూసుకుని పారిపోతారు. నాకు తెలీదా?"

"మరి ఇప్పుడు ఇట్లుంది కదా అవ్వా?"

"ఇప్పుడు పొద్దున్నే వచ్చి ఇక్కడ కూచుని నేనే టీ తాగుతా. దీన్ని ఏమంటారో నీ కాగితంలో ఉంటే చూడు."

నాగవేణి కాగితం చూసింది. లేదు. ముగ్గురూ మూడు చెప్పారు. ముగ్గురిలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఆ పిల్లకి తల తిరిగిపోయింది. బీబమ్మ ఇచ్చిన టీ తాగి, ఇంకో టీ తాగి, అయినా తేలక, ఇంటికి పోయింది.

సోమవారం నాడు రాజుగారి ముందు నిలబడి, "సార్, నేను రాసింది తప్పు," అంది.

"అయితే ఒప్పు ఏమిటమ్మా?"

"తెలీదు సార్."

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తెలీదు అని రాయడానికి గడి లేదు. పైగా తప్పు రాశానని నువ్వే సంతకం పెట్టి ఇస్తే, ఏడాది చివర నిన్ను పక్కా చెయ్యమని నేను ఏ మొహంతో అడగను? ఇంటికి వెళ్ళి ఆలోచించుకో."

నాగవేణి ఆలోచించుకుంది. మొదటి రోజు, నాకెందుకొచ్చిన గొడవ, ఊరుకుందాం అనుకుంది. రెండో రోజు, ఊరుకుంటే ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం లేకపోతే మళ్ళీ మా ఊరికి పోవాలి అనుకుంది. మూడో రోజు అన్నం తింటూ ఉంటే పళ్ళెంలో తోటకూర కనిపించింది. అప్పుడు సన్యాసయ్య గోడ గుర్తొచ్చింది. నడుం దాకా వచ్చే నీళ్ళు మూరెడు తూములో పట్టవు. పట్టకపోతే వెనక్కి తిరిగి ఇళ్ళల్లోకే వస్తాయి. పైన మూత ఉంటుంది కాబట్టి వెళ్ళడానికి దారి ఉండదు. సన్యాసయ్య మంచం ఎన్ని ఇటుకల మీద పెట్టినా చాలదు.

ఆమె ముద్ద అలాగే వదిలేసి లేచింది. చెయ్యి కడుక్కుని కాగితం తీసింది. "నేను రాసింది తప్పు. ఒప్పు ఏదో నాకు తెలీదు. దయచేసి మీరొక్కసారి వచ్చి చూడండి," అని రాసి సంతకం పెట్టింది. మర్నాడు రాజుగారికి ఇచ్చేసింది.

రాజుగారు ఆ కాగితం చదివి సొరుగులో పెట్టారు. రేపు వెళ్దాం అనుకున్నారు. ఆ రేపు పుష్యమాసం అయింది, మాఘమాసం అయింది. ఈలోగా నాగవేణిని పట్నం ఆ చివరకి వేరే పని మీద వేశారు. వంతెన దగ్గర లారీలు వచ్చి సిమెంటు పలకలు దింపాయి, తూములు దింపాయి. బీబమ్మ కోడి ఒకటి ఆ తూములోకి దూరి, వెనక్కి తిరగడానికి చోటు లేక ఒకటే గోల.

ఉగాది వెళ్ళింది. చైత్రం సగం అయింది. ఎల్లుండి పని మొదలుపెడతారనగా రాజుగారు సొరుగు తీశారు. ఆ కాగితం కనబడింది. ఆయన నాగవేణిని పిలిపించి, "పదమ్మా, చూసొద్దాం," అన్నారు.

ఇద్దరూ బయల్దేరారు. రాజుగారు నల్ల బూట్లు వేసుకున్నారు, చంకలో ఫైలు పెట్టుకున్నారు. దారి పొడుగునా నాగవేణి చెబుతూనే ఉంది. "అద్దం మాదిరి ఉంటాయి సార్ నీళ్ళు. చేపలుంటాయి. తెల్లగా రెల్లుంటుంది. మీరే చూస్తారు కదా," అంటూ.

సన్యాసయ్య ఇంటి పక్క నుంచి వెనక్కి వెళ్ళి చూశారు. అద్దం లేదు. చేపలు లేవు. రెల్లు ఎండిపోయింది. అసలు నీళ్ళే కనబడలేదు. నాగవేణి అటూ ఇటూ చూసింది. ఇదేంటి, ఇది నాలుగో రకం.

ఎందుకంటే, గెడ్డకి రెండు పక్కలా కానుగ చెట్లున్నాయి. జ్యేష్ఠంలో ఆమె వచ్చినప్పటికే వాటి పూత అయిపోయింది. ఇప్పుడు చైత్రం కదా, లేత ఆకులు మెరిసిపోతున్నాయి, కొమ్మ కొమ్మకీ తెల్లటి, లేత గులాబీ రంగు పూలు. అవి రాలుతున్నాయి. గాలి వచ్చినా రాలుతున్నాయి, రాకపోయినా రాలుతున్నాయి. పేలాలు పోసినట్టు గెడ్డ మొత్తం నిండిపోయింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మెత్తగా, సమానంగా, తివాచీ పరిచినట్టు. పైన తేనెటీగల ఝుంకారం.

"అప్పుడే మూత వేసేశారా? నాకు చెప్పనేలేదే," అన్నారు రాజుగారు. "దారి కూడా చక్కగా వేశారు." అని దాని మీద కాలు పెట్టారు.

అంతే. మోకాళ్ళ దాకా దిగిపోయారు.

నాగవేణి ఒక చెయ్యి పట్టుకుంది. సన్యాసయ్య పరిగెత్తుకొచ్చి ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ లాగితే ఆయన బయటికి వచ్చారు, ఒక బూటు మాత్రం రాలేదు. ఆయన పంట్లాం మోకాళ్ళ దాకా నల్లగా ఉంది, దాని మీద తెల్ల పూలు అంటుకుని ఉన్నాయి.

"మీరు కోప్పడతారేమో సార్," అంది నాగవేణి భయంగా.

రాజుగారు కోప్పడలేదు. ఆయన తన కాళ్ళకేసి చూసుకుంటున్నారు. "ఇది దారనుకున్నానమ్మా," అన్నారు. "నా కళ్ళతో చూసే కాలు పెట్టాను."

అప్పుడు సన్యాసయ్య తన పంచె ఇచ్చాడు. గౌరమ్మ ఆ పంట్లాం పంపు దగ్గరికి తీసుకెళ్ళి ఉతికి తీగ మీద వేసింది. బీబమ్మ టీ పంపింది. పంట్లాం ఆరేదాకా రాజుగారు ఎక్కడికీ వెళ్ళడానికి లేదు. సన్యాసయ్య అరుగు మీద పంచెతో కూర్చున్నారు. ఉద్యోగంలో చేరాక ఒక కాలువ పక్కన ఆయన అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

కూర్చుని పూలు రాలడం చూశారు. కాసేపటికి లేచి, గోడ మీద ఎర్ర చార చూశారు. దాని పక్కన నిలబడ్డారు. ఆయనకీ నడుం దాకానే వచ్చింది. అక్కడి నుంచి తూముల దగ్గరికి వెళ్ళి, చెయ్యి పెట్టి మూర కొలిచారు. మళ్ళీ గోడ దగ్గరికి వచ్చారు. మళ్ళీ తూముల దగ్గరికి వెళ్ళారు. అలా మూడుసార్లు తిరిగారు. పంచె కట్టుకుని, ఒక కాలికి బూటు, ఒక కాలికి లేకుండా.

"సన్యాసయ్యా, దీనికి మూత పెట్టేస్తే, మీ ఇంట్లోకి వచ్చిన నీళ్ళు ఎలా వెళ్తాయి?" అని అడిగారు.

"అదే నానూ అడుగుదామనుకుంతన్నానండి. ఎవుల్నడగాలో తెలీలేదు," అన్నాడు సన్యాసయ్య.

రాజుగారు మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఫైలు తెరిచారు. కలం తీశారు. నాగవేణి వైపు చూసి, "చివరిసారి అడుగుతున్నానమ్మా. ఇది ఏ రకం?" అన్నారు.

నాగవేణికి ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోయేది. అయినా, "తెలీదు సార్," అంది.

"నాకూ తెలీదు," అన్నారు రాజుగారు.

అని, ఆయన "మురుగుకాలువ" అన్న మాట కొట్టేశారు. ఆ గడి ఖాళీగా వదిలేశారు. దాని కింద, గడి బయట, ఇలా రాశారు: "ఋతువుకొక్కసారి, ఏడాదికి ఆరుసార్లు చూడాలి. ఏమిటో తేలేదాకా మూత పెట్టరాదు."

పై వాళ్ళు ఊరుకుంటారా? రకం ఏమిటని అడిగారు. ఇంకా చూస్తున్నామండి అన్నారు రాజుగారు. మరుసటి ఏడు మళ్ళీ అడిగారు. ఇంకా చూస్తున్నామండి అన్నారు. విసుగొచ్చి ఆ సిమెంటు పలకలు తీసుకెళ్ళి ఒక బడి ముందు నడిచే దారి వేశారు. తూములు ఏమయ్యాయో నాకు తెలీదు, నన్నడక్కు.

నాగవేణి ఉద్యోగం ఆ ఏడాది పక్కా కాలేదు. "తప్పు రాసిన పిల్లని ఎలా చేస్తాం?" అన్నారు పై వాళ్ళు. "రాసిందీ ఆమే, తప్పని చెప్పిందీ ఆమేనండి," అన్నారు రాజుగారు. రెండో ఏడాది కూడా రాజుగారు అదే మాట అన్నారు. రెండో ఏడాదికి పక్కా అయింది. ఆమె పనేమిటంటే, ఋతువుకొకసారి వెళ్ళి గెడ్డని చూసి, ఆ రోజు ఎలా ఉందో రాసి రావడం. ఒక ఏడు రాసినట్టు ఇంకో ఏడు ఉండదు. ఒక ఏడాది కప్పలు పది రోజులు ముందొచ్చాయి. ఒక ఏడాది కొంగలు అసలు రాలేదు. ఎందుకు రాలేదో ఆ పిల్లకి ఇప్పటికీ అర్థం కాలేదు.

అయితే ఆమె అలా గట్టు మీద నిలబడి చూస్తూ ఉంటే, ఈమె వచ్చిన ప్రతిసారీ ఏం చూస్తోందబ్బా అని ఇళ్ళల్లోవాళ్ళు తొంగి చూడడం మొదలుపెట్టారు. ఒకళ్ళు చూస్తే పక్కవాళ్ళూ చూశారు. చూసేవాళ్ళు ఉన్నచోట కవర్లు పడెయ్యడానికి జనానికి సిగ్గేసింది. అలా అని ఎండాకాలం కంపు పూర్తిగా పోయిందని నేను చెప్పను. తగ్గింది.

ఆ తర్వాత ఒకాయన తాపీ మేస్త్రీని పిలిచి, ఇంటి వెనక గోడ పగలగొట్టించి, గెడ్డ వైపుకి తలుపు పెట్టించుకున్నాడు. అది చూసి పక్కింటివాళ్ళు పెట్టించుకున్నారు. వాళ్ళని చూసి మూడో ఇంటివాళ్ళు. ఆ తలుపుల ముందు కడిగి ముగ్గులు కూడా వేయడం మొదలుపెట్టారు. దాంతో ఆ వీధిలో ఉత్తరాలు పంచే మనిషికి పెద్ద చిక్కొచ్చింది. ఏ ఇంటికి ఏది ముందో, ఏది వెనకో అతనికి తెలీదు. ఇటు కొట్టి చూస్తాడు, పలకరు. చుట్టూ తిరిగి అటు వెళ్ళి చూస్తే, అందరూ గెడ్డ దగ్గరే ఉంటారు.

అదీ సంగతి. కళ్ళు మూసుకో మరి.

గెడ్డ పోయింది కడలిలోకి,
కథ పోయింది కంచిలోకి,
కన్ను జారింది కునుకులోకి,
కన్నా, రా నా ఒళ్ళోకి.